దీపానికి దొరికినవాటి లెక్క

తెల్లవారుజామున, పిట్టలు ఇంకా పూర్తిగా లేవకముందే పెట్టె మూత తీయాలి. రాత్రంతా వెలిగిన బల్బు కింద గరాటు, గరాటు కింద పెట్టె, పెట్టెలో గుడ్ల అట్టలు. ఆ అట్టల గుంతల్లో చిమ్మెటలు ఒదిగి కూర్చుని ఉంటాయి. ఒక్కో అట్టని ఊపిరి బిగబట్టి తిప్పి చూస్తాం. ఒకటి ఎండుటాకు ముక్కలా ఉంటుంది. ఒకటి అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. ఈ విరిగిన పుల్ల ఇందులోకి ఎలా వచ్చిందా అని తీసి పారేయబోతే, పుల్లకి కాళ్లు మొలుస్తాయి.

నిన్న పొద్దున ఇవే అట్టలు కిక్కిరిసి ఉన్నాయి. ఇవాళ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అదే అడవి, అదే పెట్టె, అదే బల్బు. మరి ఒక్క రాత్రిలో అన్నీ ఏమైపోయాయి? ఏమీ కాలేదు. రాత్రి మబ్బు విడిపోయి వెన్నెల కాసింది, గాలి లేచింది, చలి పెరిగింది. చిమ్మెటలు ఉన్నచోటే ఉన్నాయి. దీపం దాకా రాలేదంతే.

అభయారణ్యాల్లో చిమ్మెటలు, సీతాకోకచిలుకల నమోదులో చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. పుస్తకంలో పడిన అంకెను అడవిలో ఉన్న అంకె అనుకుంటాం. పోయినేడు 90 జాతులు, ఈ ఏడు 120, కాబట్టి రిజర్వు బాగుపడింది అని రిపోర్టు రాసేస్తాం. బాగుపడి ఉండొచ్చు. కొత్త బల్బు కొని ఉండొచ్చు. చురుకైన కళ్లున్న కుర్రాడొకడు జట్టులో చేరి ఉండొచ్చు. ఈ మూడింట్లో ఏది నిజమో తేల్చుకోగలిగేంత సమాచారం రికార్డులో ఉందా? చాలా రికార్డుల్లో ఉండదు.

ముందు పేర్ల సంగతి ఒక ముక్క. సీతాకోకచిలుక అనగానే అందరి కళ్ల ముందూ ఒక రూపం కదులుతుంది. చిమ్మెట అంటే మాత్రం బట్టలు కొరికేదనో, దీపప్పురుగనో అనుకుని వదిలేస్తారు. వ్యవసాయం వాళ్లు దాన్నే రెక్కల పురుగంటారు, తల్లి పురుగంటారు. పట్టు ఇచ్చేది కూడా చిమ్మెటే అంటే నమ్మనివాళ్లున్నారు. రెక్కల మీద పొలుసులుండే ఈ కీటకాల్లో శాస్త్రం ఇప్పటిదాకా పేరు పెట్టినవి సుమారు 1,60,000 జాతులు. అందులో సీతాకోకచిలుకలు 18,000 చిల్లర. తక్కినవన్నీ చిమ్మెటలే. వంశవృక్షం గీస్తే సీతాకోకచిలుకలు కూడా చిమ్మెటల చెట్టుకి ఒక కొమ్మే, పగలు ఎగరడం మరిగిన కొమ్మ. కాబట్టి రిజర్వు గేటు దగ్గర బోర్డు మీద సీతాకోకచిలుకల జాబితా ఒక్కటే ఉంటే, పదింట తొమ్మిది వంతుల కథ చీకట్లోనే ఉండిపోయినట్టు.

నాలుగు ప్రశ్నలు, ఐదోది

రికార్డు అనిపించుకోవాలంటే నాలుగు ప్రశ్నలకి జవాబుండాలి. ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది కానీ ఒక్కోదానిలో ఒక్కో గుంత ఉంది.

"ఎక్కడ" అంటే రిజర్వు పేరు రాస్తే చాలనుకుంటారు. పేర్లు మారతాయి, హద్దులు జరుగుతాయి. పైగా ఒకే రిజర్వులో వాగు ఒడ్డు ఉంటుంది, గడ్డి మైదానం ఉంటుంది, ముళ్లపొదలుంటాయి. అందుకని అక్షాంశ రేఖాంశాలు రాస్తాం. ఫోను ఆరు దశాంశ స్థానాలు ఇస్తుంది. ఆరో స్థానం అంటే నేల మీద సుమారు 11 సెంటీమీటర్లు. చెట్ల కింద ఆ ఫోనే మీటర్ల కొద్దీ అటూ ఇటూ అవుతుంటే ఆ ఆరో అంకెకి అర్థం లేదు. అంకెతో పాటు "ఇంత దూరం తేడా ఉండొచ్చు" అన్నది కూడా రాస్తేనే అది నిజాయితీ అయిన చిరునామా.

"ఎప్పుడు" ఇంకా సరదాగా ఉంటుంది. రాత్రి 2 గంటలకి పెట్టెలో పడిన చిమ్మెట ఏ తేదీది? దీపం వెలిగించిన సాయంత్రానిదా, మూత తీసిన పొద్దుటిదా? సాధారణంగా వెలిగించిన సాయంత్రం తేదీనే వేస్తారు. ఏదైనా ఫరవాలేదు, అందరూ ఒకటే పాటిస్తే. ఒకే రిజర్వులో ఇద్దరు రెండు రకాలుగా రాస్తే ఒకే రాత్రి రెండు రాత్రులైపోతుంది. ఈ పొరపాటు నేనూ చేశాను. ఒక సీజన్ సగం పేజీలు ఒక పద్ధతిలో, సగం ఇంకో పద్ధతిలో రాసుకుని, తర్వాత వాతావరణం లెక్కలతో పక్కపక్కన పెట్టినప్పుడు వాన కురిసిన రాత్రి పెట్టె నిండిందని, పొడి రాత్రి ఖాళీగా ఉందని తేలింది. అరగంట తల గోక్కున్నాక గానీ విషయం అర్థం కాలేదు.

"ఎవరు" అంటే ఒక్క మనిషి కాదు. చూసినవాళ్లు ఒకరు, పేరు తేల్చినవాళ్లు ఇంకొకరు అయితే ఇద్దరి పేర్లూ ఉండాలి. ఇరవై ఏళ్ల తర్వాత అనుమానమొస్తే అడగడానికి.

ఐదో ప్రశ్నే అసలైనది, ఎక్కువమంది వదిలేసేదీ అదే: "ఎలా?" దీపంతోనా, వలతోనా, నడుస్తూ చూసిందా? ఎన్ని గంటలు? ఏ బల్బు? ఎన్నిసార్లు వెళ్లాం, ఎన్నిసార్లు ఉత్త చేతులతో తిరిగొచ్చాం? ఇది లేని రికార్డు అబద్ధం కాదు. ఆ జీవి ఆ రోజు అక్కడ ఉందని గట్టిగా చెబుతుంది. పెరిగిందా తగ్గిందా అని అడిగితే మాత్రం నోరు విప్పదు.

పగటి లెక్క

ఈ "ఎలా"కి సీతాకోకచిలుకల దగ్గర చక్కటి జవాబు దొరికింది. ఇంగ్లండ్‌లో మాంక్స్ వుడ్ అనే అభయారణ్యం ఉంది. 1973లో ఎర్నీ పొలార్డ్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు అక్కడ ఒక దారి ఎంచుకుని, వారానికోసారి అదే దారిన నడుస్తూ కనిపించిన ప్రతి సీతాకోకచిలుకనీ లెక్కపెట్టడం మొదలెట్టారు. 1976 నుంచి అది దేశమంతటి పథకం అయింది. ఇప్పుడు చాలా దేశాల్లో ఇదే పద్ధతి, కొద్ది మార్పులతో.

నియమాలు చూస్తే కాస్త చాదస్తంగా అనిపిస్తాయి. నడిచేవాళ్ల చుట్టూ ఒక కనబడని పెట్టె ఉన్నట్టు ఊహించుకోవాలి. వెడల్పు 5 మీటర్లు, ముందుకి 5 మీటర్లు, ఎత్తు 5 మీటర్లు. ఆ పెట్టెలోకి వచ్చిందే లెక్క. ఆరో మీటరులో ఎంత అరుదైనది ఎగురుతున్నా లెక్కలోకి రాదు, కావాలంటే విడిగా రాసుకోవచ్చు. అక్కడి నియమం ప్రకారం 13 డిగ్రీల కంటే చల్లగా ఉంటే నడవకూడదు. 13 నుంచి 17 మధ్య ఉంటే దారిలో కనీసం 60 శాతం ఎండ ఉండాలి. వేడి దేశాల్లో ఈ హద్దులు వేరుగా పెట్టుకోవాలి, మిట్టమధ్యాహ్నం ఎండకి సీతాకోకచిలుకలే నీడ పట్టుకుంటాయి కాబట్టి. ఏ హద్దు పెట్టుకున్నా ఏళ్ల తరబడి దాన్ని మార్చకుండా ఉండటం ముఖ్యం.

ఇంత చేశాక వచ్చేది ఆ దారిలోని సీతాకోకచిలుకల సంఖ్య కాదు. దాన్ని సూచీ అంటారు. పోయిన వారం లెక్కపెట్టినదే ఈ వారం మళ్లీ కనబడి ఉండొచ్చు. పొదలో కూర్చున్నవి కనబడకపోయి ఉండొచ్చు. కానీ ఆ తప్పులు ప్రతి ఏడూ దాదాపు ఒకేలా జరుగుతాయి కాబట్టి, ఏటికేడు పోల్చి చూసుకోవచ్చు. తూకం రాయి అరకిలో తక్కువున్నా, రోజూ అదే రాయితో తూచితే పెరుగుదల తగ్గుదల తెలుస్తాయి కదా, అలాగన్నమాట.

నిజంగా ఎన్ని ఉన్నాయో తెలుసుకోవాలంటే ఇంకో దారి ఉంది. పట్టి, రెక్క మీద మెత్తటి పెన్నుతో చిన్న గుర్తు పెట్టి వదిలేయాలి. ఈరోజు 40కి గుర్తు పెట్టాం అనుకుందాం. రేపు 50 పడితే అందులో 10కి గుర్తుంది. అంటే గుర్తున్నవి ఐదో వంతు. మొత్తంలోనూ గుర్తున్నవి ఐదో వంతే అనుకుంటే, 40కి ఐదు రెట్లు, 200 ఉన్నాయన్నమాట. లెక్క సులువే. ఈలోపు కొన్ని వెళ్లిపోవు, కొత్తవి రావు, గుర్తు పెట్టించుకున్నవి బెదిరి తప్పుకోవు అన్న నమ్మకాలు దాని కింద ఉన్నాయి. అవి నిలబడేది తక్కువ. అదీగాక, ఈ పని చేసినవాళ్లకి తెలుసు, వేళ్లకి అంటిన ప్రతి పొలుసూ దాని రెక్కలోంచి పోయినదే.

రాత్రి లెక్క

చిమ్మెటల దగ్గరికొస్తే పని తలకిందులవుతుంది. మనం వాటి దగ్గరికి వెళ్లలేం, అవే మన దగ్గరికి రావాలి. అందుకే దీపపు ఎర. అసలు అవి దీపం దగ్గరికి ఎందుకొస్తాయి?

చంద్రుణ్ణి చూసి దారి పట్టుకుంటాయని, దీపాన్ని చంద్రుడనుకుని మోసపోతాయని చిన్నప్పటి నుంచీ చదువుకున్నాం. 2024లో వచ్చిన ఒక పరిశోధన వేరే మాట చెప్పింది. ఎగిరే కీటకాలని వేగంగా తీసే కెమెరాలతో చిత్రించి చూస్తే, అవి దీపం వైపుకి నేరుగా రావడం లేదు. దీపానికి వీపు చూపిస్తున్నాయి. కోట్ల ఏళ్లుగా రాత్రిపూట కాస్తో కూస్తో వెలుతురున్న వైపు ఆకాశమే. వీపు వెలుతురు వైపు ఉంచితే చాలు, తలకిందులు కాకుండా ఎగరొచ్చు. పక్కన బల్బు వెలిగేసరికి ఆకాశం పక్కకి వచ్చినట్టయి, వీపు అటు తిప్పి, ఆ వంపులోనే చుట్టూ తిరుగుతూ చిక్కుకుపోతున్నాయి. దీపాన్ని నేల మీద పైకి చూసేలా పెడితే కొన్ని గాల్లోనే తిరగబడి కిందపడ్డాయి కూడా.

నమోదు చేసేవాళ్లకి ఇందులో పనికొచ్చే మాట ఒకటుంది. దీపం దూరం నుంచి పిలుచుకురాదు. దగ్గరగా ఎగురుతూ పోయేదాన్ని పట్టి ఆపుతుంది. చిన్న బల్బులకైతే ఆ దూరం కొన్ని పదుల మీటర్లకి మించదు. అంటే వాగు ఒడ్డున పెట్టిన పెట్టె వాగు ఒడ్డు గురించే చెబుతుంది. దాంతో మొత్తం రిజర్వు గురించి మాట్లాడకూడదు. వెన్నెల రాత్రి తక్కువ పడటానికి కారణం మీద కూడా వాదనలున్నాయి. చిమ్మెటలే తక్కువ ఎగురుతాయని కొందరు, వెన్నెల ముందు మన బల్బు వెలవెలబోతుందని కొందరు. రెండూ కొంత నిజమేనని నా అనుమానం.

ఇక బల్బు. 125 వాట్ల పాదరస ఆవిరి దీపం దశాబ్దాల పాటు చిమ్మెటల వాళ్ల ఆస్తి. అతినీలలోహిత కాంతి బాగా ఇస్తుంది, పెట్టె నిండుతుంది. మామూలు వెలుగు కోసం వాడే అలాంటి పాదరస దీపాల తయారీని 2020 తర్వాత ఆపాలని, పాదరసం వాడకాన్ని తగ్గించడానికి దేశాలు చేసుకున్న మినమాటా ఒప్పందం చెప్పింది. పాదరసం విషం కాబట్టి అది న్యాయమే. మిగిలిన దారులు అతినీలలోహిత కాంతినిచ్చే యాక్టినిక్ అనే చిన్న ట్యూబులు, ఎల్‌ఈడీలు. బరువు తక్కువ, బ్యాటరీ మీద వెలుగుతాయి, మోసుకుపోవడం సులువు. కానీ పెద్ద దీపానికి పడినన్ని వీటికి పడవు, పడే జాతుల వాటా కూడా మారుతుంది. బల్బు మారిన ఏడాది గ్రాఫులో గీత దబ్బున పడిపోతుంది. ఆ గీత పక్కన "బల్బు మార్చాం" అని ఒక చిన్న ముక్క లేకపోతే, పదేళ్ల తర్వాత ఎవరో దాన్ని చూసి పురుగుమందుల మీదో, వేడెక్కిన వాతావరణం మీదో నేరం మోపుతారు. పాత, కొత్త బల్బుల్ని కొన్నాళ్లు పక్కపక్క రాత్రుల్లో మార్చి మార్చి వెలిగించి చూసుకోవడం ఒక్కటే దీనికి మందు. విసుగు పని. ఎవరూ చేయరు.

దీపానికి అసలు రానివి కూడా ఉన్నాయి. కొన్ని చిమ్మెటలు పగలే ఎగురుతాయి. కొన్ని జాతుల్లో ఆడవాటికి రెక్కలే ఉండవు, కొమ్మకి అతుక్కుని కూర్చుంటాయి, దీపానికి వచ్చేవన్నీ మగవే. కొన్నిటి కోసం పంచదార పాకంలో మగ్గిన పండు, కాస్త మద్యం కలిపి చీకటి పడే వేళ చెట్టు మానుకి పూసి, టార్చి పట్టుకుని తిరగాలి. కందిరీగలా కనబడే స్పష్టరెక్కల చిమ్మెటలకి, ఆడదాని వాసనతో మగవాటిని పిలిచే లింగాకర్షక బుట్టలే దిక్కు. అవి లేని రోజుల్లో ఏళ్లకేళ్లు కనబడని జాతులు, బుట్ట వేలాడదీసిన అరగంటలో వచ్చి వాలిన సందర్భాలున్నాయి.

అన్నిటికన్నా నాకు ఇష్టమైనవి ఆకు సొరంగాలు. కొన్ని చిన్నచిన్న చిమ్మెటల పిల్లలు ఆకు పైపొరకీ కిందిపొరకీ మధ్య తొలుచుకుంటూ పోతాయి. ఆకుని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే తెల్లటి గీత కనబడుతుంది. మొదట్లో దారంలా సన్నగా, పిల్ల పెరిగినకొద్దీ వెడల్పుగా, మధ్యలో నల్లటి రెట్ట చుక్కల వరస. ఏ మొక్క, గీత ఎటు తిరిగింది, రెట్ట మధ్యలో ఉందా గీత నిండా ఉందా, ఇవి చూసి చాలాసార్లు జాతి పేరు చెప్పేయొచ్చు. పురుగు ఎగిరిపోయి నెల అయినా ఆకు సాక్ష్యం చెబుతుంది. దీపానికి పడిన చిమ్మెట దారినపోయేదై ఉండొచ్చు. ఆకులో సొరంగం ఉందంటే మాత్రం అది ఇక్కడే పుట్టింది, ఇక్కడే తిన్నది. రిజర్వు నడిపేవాళ్లకి కావలసింది ఈ రెండో రకం కబురు.

పేరు పెట్టడం

ఫోటో తీసి యాప్‌లో పెడితే క్షణంలో పేరొస్తుంది. చాలా సందర్భాల్లో సరైన పేరే. నాకు భయం పుట్టించేది, తప్పైనప్పుడు కూడా అది అంతే ధీమాగా చెప్పడం. ఐరోపాలో గ్రే డాగర్, డార్క్ డాగర్ అని రెండు చిమ్మెటలున్నాయి. గొంగళిపురుగులుగా ఉన్నప్పుడు చూడగానే తేడా తెలుస్తుంది. రెక్కలొచ్చాక మాత్రం ఎంత గొప్ప ఫోటో తీసినా ఏది ఏదో నమ్మకంగా చెప్పలేం, జననాంగాలు మైక్రోస్కోపు కింద చూడాల్సిందే. అందుకే అనుభవం ఉన్నవాళ్లు "రెంటిలో ఒకటి" అని జంటగా రాస్తారు. కొత్తవాళ్లకి అది ఓటమిలా అనిపిస్తుంది. పుస్తకంలో దానంత నిజమైన వాక్యం ఇంకోటి ఉండదు.

ఈ విషయంలో మధ్య అమెరికాలోని కోస్టారికా దేశపు గ్వానకాస్టే సంరక్షణ ప్రాంతం కథ చెప్పుకోవాలి. అక్కడ డేనియల్ జాన్జెన్, విన్నీ హాల్‌వాక్స్ అనే ఇద్దరు జీవశాస్త్రవేత్తలు, వాళ్ల దగ్గర శిక్షణ పొందిన స్థానికులు దశాబ్దాలుగా గొంగళిపురుగుల్ని ఏరి తెచ్చి పెంచుతున్నారు. ప్రతిదానికీ ఒక నంబరు, ఏ చెట్టు ఆకు తింటూ దొరికిందో, రంగేమిటో, అన్నీ రాస్తారు. అందులో అస్ట్రాప్టీస్ ఫల్గరేటర్ అనే సీతాకోకచిలుక ఒకటి. 1775లోనే పేరు పెట్టారు, ఎక్కడపడితే అక్కడ కనబడేదే, ఎవరూ పెద్దగా పట్టించుకోనిదే. కానీ దాని గొంగళిపురుగులు ఒక్కో చెట్టు మీద ఒక్కో వేషంలో ఉన్నాయి. 2004లో డీఎన్‌ఏ చూస్తే అది కనీసం 10 జాతుల గుంపని తేలింది, చెట్ల తేడాలతో డీఎన్‌ఏ తేడాలు చాలావరకు కలిశాయి. పది కాదు, అంతకంటే తక్కువేనని తర్వాత వాదించినవాళ్లున్నారు. ఎన్నయితేనేం, ఒకటి మాత్రం కాదు.

25 ఏళ్ల పాటు "ఏ చెట్టు మీద" అని రాస్తూ పోయినవాళ్లకి అది ఎందుకు పనికొస్తుందో రాసే రోజున తెలియదు. రాయకపోయి ఉంటే, డీఎన్‌ఏ వచ్చాక కూడా ఆ జాతులు ఒకదానికొకటి ఎలా వేరుగా బతుకుతున్నాయో చెప్పేవాళ్లు ఉండేవాళ్లు కారు. ఇంకో మాట: ఆ డీఎన్‌ఏ తీసింది మ్యూజియం పెట్టెల్లో సూది గుచ్చి దాచిన నమూనాల్లోంచి. ఒక్క పురుగుని కూడా చంపకూడదనే మిత్రులతో నాకు ఇక్కడే పేచీ. ప్రతిదాన్నీ చంపనక్కర్లేదు, పెట్టెలో పడినవాటిలో దాదాపు అన్నిటినీ వదిలేయాలి. కానీ ఏ నమూనా లేని పేరు, రేపు ఆ జాతి రెండుగా చీలిన రోజున రెంటిలో దేనికీ చెందకుండా పోతుంది.

జాబితా ఎందుకు పెరుగుతుంది

ఇప్పుడు 90 నుంచి 120కి పెరిగిన జాబితా దగ్గరికి తిరిగొద్దాం.

అలెగ్జాండర్ స్టీవెన్ కార్బెట్ అనే ఆయన మలయాలో, అంటే ఇప్పటి మలేషియాలో, సీతాకోకచిలుకలు సేకరించాడు. వాటిలో 118 జాతులు ఒక్కొక్కటే దొరికాయి. రెండేసి దొరికినవి 74, మూడేసి 44, నాలుగేసి 24. ఆ తర్వాత కూడా ఇలాగే. గణాంక శాస్త్రవేత్త ఆర్. ఎ. ఫిషర్‌ని ఆయన అడిగిన ప్రశ్న చిన్నదే: ఇంకా నాకు కనబడనివి ఎన్ని ఉంటాయి? సమాధానం వెతకడానికి ఫిషర్‌కి, ఇంగ్లండ్‌లో రోథామ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో సి. బి. విలియమ్స్ దీపపు ఎరతో పట్టిన చిమ్మెటల లెక్కలు కూడా తోడయ్యాయి. ముగ్గురూ కలిసి 1943లో ప్రచురించిన వ్యాసం నేటికీ ఈ రంగంలో పునాది రాయి.

తర్వాత వచ్చిన ఒక చిట్కా ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఒక్కసారి దొరికినవాటిలోంచి రెండుసార్లు దొరికినవి తీసేయాలి, మూడుసార్లవి కలపాలి, నాలుగుసార్లవి తీసేయాలి. 118 లోంచి 74 పోతే 44. 44 కలిపితే 88. 24 పోతే 64. కార్బెట్ పట్టికలో ఇలా 15 మెట్ల దాకా వెళితే 75 వస్తుంది. అంటే అంతే కష్టపడి అంతే కాలం మళ్లీ వెతికితే, ఇంకో 75 కొత్త జాతులు దొరకొచ్చని అంచనా. చూడనివాటి గురించి చూసినవే చెబుతున్నాయి.

విలియమ్స్ చిమ్మెటల లెక్కలో 15,609 చిమ్మెటలు, 240 జాతులు. ఒక్కటంటే ఒక్కటే దొరికిన జాతులు 35. ఎన్ని రకాలున్నాయో చెప్పే వైవిధ్యం సూచీ, ఫిషర్ సూత్రం ప్రకారం, ఆ చోటికి సుమారు 40. దీన్నిబట్టి లెక్కేస్తే, పట్టిన చిమ్మెటల సంఖ్య రెట్టింపైతే జాబితాకి మరో 28 జాతులు కలుస్తాయి. అడవిలో ఒక్క ఆకు కూడా కదలకుండానే! వారానికి ఒక రాత్రి పెట్టే పెట్టెని రెండు రాత్రులు పెట్టారనుకోండి, జాతులు పెరుగుతాయి, రిపోర్టు మెరుస్తుంది, ఫోటోలు పడతాయి. మారింది మన నిద్ర గంటలు మాత్రమే.

కాబట్టి 90, 120 అన్న రెండు అంకెల పక్కన ఎన్ని రాత్రులు, ఎన్ని చిమ్మెటలు అన్న రెండు అంకెలు లేకపోతే వాటిని పోల్చకూడదు. రెండేళ్లలోనూ సమానంగా, చెరి 2,000 చిమ్మెటలు వచ్చేదాకా మాత్రమే లెక్క తీసుకుని ఎన్ని జాతులయ్యాయో చూడటం ఒక మార్గం. ఒక్కోసారి అలా చూసినప్పుడు పెరిగిందనుకున్నది తగ్గిందని తేలుతుంది.

మనుషుల అలవాట్లు కూడా రికార్డుల్లోకి జొరబడతాయి. ఆదివారం సీతాకోకచిలుకలు ఎక్కువ. బాట పక్కన ఎక్కువ. బండ్లు ఆపే చోట మరీ ఎక్కువ. పెద్ద రెక్కలు, రంగులు ఉన్నవాటికి వందల రికార్డులు, గోధుమరంగు చిన్నవాటికి సున్నా. ఆ సున్నా నిజం సున్నానా, ఎవరూ చూడని సున్నానా చెప్పడానికి వీల్లేదు. "వెళ్లాను, ఇంతసేపు వెతికాను, కనబడలేదు" అని రాసినవాళ్లుంటేనే అది తెలుస్తుంది. ఖాళీ పెట్టె ఉన్న పొద్దున పుస్తకం తీయబుద్ధి కాదు, నిజమే. తీయాలి.

జాబితా చూడలేనిది

జర్మనీలో క్రేఫెల్డ్ అనే ఊరి కీటకాభిమానుల సంఘం 1989 నుంచి అభయారణ్యాల్లో గుడారాల్లాంటి ఎరలు పెట్టి, పడిన ఎగిరే కీటకాలన్నిటినీ కలిపి తూచి రాసుకుంటూ వచ్చింది. ఒకే కొలతల గుడారం, ఒకే పద్ధతి, 63 చోట్లు. 27 ఏళ్ల తూకాలు 2017లో అచ్చైనప్పుడు, బరువు 75 శాతానికి పైగా తగ్గిందని బయటపడింది. అవన్నీ సంరక్షిత ప్రాంతాలే. జాతుల పట్టికలో ఒక పేరు కొట్టేయాలంటే ఆ జాతిలో ఆఖరిది కూడా పోవాలి. వెయ్యి ఉన్నచోట యాభై మిగిలినా పట్టికలో టిక్కు టిక్కులాగే ఉంటుంది. బ్రిటన్‌లో ఒకే రకం దీపపు ఎరలు ఏళ్ల తరబడి నడిపితేనే, 1968 నుంచి 2017 మధ్య పెద్ద చిమ్మెటల సంఖ్య మూడో వంతు తగ్గిందని తెలిసింది.

తగ్గిందని తెలిశాక ఎందుకు అన్నది ఇంకో మెట్టు. లార్జ్ బ్లూ అనే నీలి సీతాకోకచిలుక బ్రిటన్‌లో తగ్గుతూ ఉందని అందరికీ తెలుసు. సేకరించేవాళ్లే కారణమనుకున్నారు. దాని కోసం చోట్లు కేటాయించి కాపాడారు. అయినా 1979లో అక్కడ ఆఖరిది పోయింది. ఎగిరేవాటిని ఎంత లెక్కపెట్టినా కారణం దొరకలేదు. జెరెమీ థామస్ అనే శాస్త్రవేత్త 1970లలో నేల మీద మోకాళ్లూని గుడ్లు, గొంగళిపురుగులు, చీమలు లెక్కపెట్టాడు. దాని గొంగళిపురుగు కొన్నాళ్లు థైమ్ అనే, తులసి కుటుంబపు మొక్క పూలు తిని, కిందపడి, ఒక రకం ఎర్రచీమల చేత పుట్టలోకి మోయించుకుని, లోపల చీమ పిల్లల్నే తింటూ పెరుగుతుంది. అన్ని చీమలూ పనికిరావు, ఒక్క జాతి పుట్టలోనే బాగా బతుకుతుంది. ఆ చీమకి వెచ్చటి నేల కావాలి. పశువులు మేయడం మానేశాక, కుందేళ్లు జబ్బుతో చచ్చిపోయాక గడ్డి కొన్ని సెంటీమీటర్లు పెరిగింది. నీడకి నేల చల్లబడింది, ఆ చీమ పోయింది, దాంతో ఇదీ పోయింది. తర్వాత పశువుల్ని మళ్లీ మేపి, స్వీడన్ నుంచి తెచ్చి వదిలితే నిలదొక్కుకుంది. రిజర్వు పుస్తకంలో సీతాకోకచిలుకల పేజీ పక్కన గడ్డి ఎత్తు రాసే గడి ఒకటి ఉండి ఉంటే ఎంత బాగుండేది!

మా పెట్టె సంగతికొస్తే, అట్టలన్నీ చూశాక చిమ్మెటల్ని పొదల లోపలికి, ఆకుల కిందికి వదలాలి. రోజూ ఒకేచోట వదిలితే పిట్టలు పసిగడతాయి. ఒకటైతే మాకంటే ముందే లేచి, పెట్టె బయట, దుప్పటి మడతల్లో వాలినవాటిని ఏరుకుని తినడం మరిగింది. అలా తినేసిన పొద్దున మా లెక్క ఎన్ని తగ్గిందో ఆ పిట్టకే తెలియాలి. ఇవాళ దుప్పటి దులుపుతుంటే ఒక రెక్క రాలింది. ఎడమవైపు ముందు రెక్క, అంచు చిరగలేదు, మధ్యలో కిడ్నీ ఆకారం మచ్చ స్పష్టంగా ఉంది. పెట్టెలో ఎక్కడా ఆ జాతి లేదు. జాతి పేరు రాసి, సంఖ్య గడిలో 1 వేసి, పక్కన రాశాం: "రెక్క మాత్రమే. పిట్ట తిన్నది. పెట్టె బయట."